రెండింటి నుంచి మూడింటి దాకా

7వ తారీఖు, గురువారం

ఈ డైరీ కిందటేడుది. కోడలు పనిచేసే బట్టల కంపెనీలో ఇచ్చారు. ఇందులో ఈ రోజుకి బుధవారం అని అచ్చేసి ఉంది. ఇవాళ గురువారం. కొట్టేసి రాశాను.

ఎందుకు రాస్తున్నానో తెలీదు. చేతులు ఊరుకోవట్లేదు. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేదు.

కంపెనీ ఉన్న మేడ కూలిపోయింది. పక్క స్థలంలో కొత్త మేడకి పునాది తవ్వుతుంటే ఈ మేడ కింద మన్ను జారిపోయిందంట. నాలుగంతస్తులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. టీ తాగడానికి బయటికొచ్చిన వాళ్లు బతికిపోయారు. మిగిలినవాళ్లు దుమ్ములోంచి ఎట్లాగో పడుతూ లేస్తూ వచ్చేశారు. ఇద్దరు మాత్రం రాలేదు. గేటు దగ్గర కాపలా ఉండే తాత, మా కోడలు.

రాలేదు అని రాశాను. ఇంకా రాలేదు, అంతే.

పొద్దున గుమ్మం దాటుతూ "గ్యాసు కట్టేశాను అత్తయ్యా, మళ్లీ ఫోన్ చేసి అడగొద్దు" అంది. నేను పదింటికి ఫోన్ చేసి అడిగాను. నవ్వింది.

అబ్బాయి అక్కడే ఉన్నాడు.

8, శుక్రవారం

రావొద్దని అబ్బాయి అన్నాడు. వెళ్లాను.

తాడు కట్టారు. తాడుకి ఇవతల మేము. అవతల మేడ అని చెప్పుకోడానికేం లేదు, స్లాబులు పళ్లెంలో పేర్చిన రొట్టెల్లాగా ఉన్నాయి. మధ్యలోంచి నీలం గుడ్డలు వేలాడుతున్నాయి. సగం కుట్టిన చొక్కాలు. మా కోడలిది కాజాలు కుట్టే మిషను, వెనక గోడ పక్కన. గాలి బాగా వస్తుందని అడిగి మరీ అక్కడ వేయించుకుంది. నేనే అడగమన్నాను. ఉక్కపోతకి కళ్లు తిరుగుతాయేమోనని.

అబ్బాయి బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆ నూనె చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు, ఇంకా అదే వేసుకుని ఉన్నాడు. టీ ఇస్తే గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "చల్లారిపోతోందిరా" అన్నాను. "ఏంటీ?" అన్నాడు. "టీ." "ఏ టీ?" అన్నాడు, చేతిలో పెట్టుకుని.

మధ్యాహ్నం గేటు తాతని తీశారు. దుప్పటి కప్పి తీసుకెళ్లారు. ఆయన భార్య ఏడవలేదు. "చెప్పులేవి? కొత్త చెప్పులు, చూడండయ్యా ఎక్కడున్నాయో" అని అందర్నీ అడుగుతోంది.

ఆ దుప్పటిని చూడగానే నేను చూసింది పొడుగు. కోడలి పొడుగు కాదు. హమ్మయ్య అనుకున్నాను. లోపలే అనుకున్నాను, పైకి అనలేదు. ప్రభువు విన్నాడు గదా.

సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. పక్క వాటా సోడాబుడ్డి అందర్నీ పోగేసింది. ఆవిడ కళ్లద్దాలు సీసా అడుగంత మందం, అందుకని చిన్నప్పట్నుంచీ ఆ పేరే. పిలిస్తే పలుకుతుంది, కోపం లేదు.

"గొలుసు ప్రార్థన పెడదాం వదినా" అంది. "అమ్మాయి బయటికొచ్చేదాకా ఒక్క నిమిషం తెగకూడదు. మనిషికో గంట. ఎవరి గంట అయిపోతే వాళ్లు తర్వాతి వాళ్లకి ఫోన్ చేసి 'అందుకో' అనాలి. అవతల వాళ్లు 'అందుకున్నాను' అనాలి. ఆ మాట వినకుండా మోకాళ్ల మీంచి లేవడానికి లేదు."

రాత్రి గంటలన్నీ మగవాళ్లకి వేసింది. తెల్లవారుజాము పాస్టరు అయ్యగారు తీసుకున్నారు. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా మాత్రం ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

"తిన్న తర్వాత గంట అది. తోటలో ప్రభువు పక్కనుండగానే శిష్యులకి కునుకు పట్టింది, ఇంక మనమెంత" అంది పాల దుకాణం ఆవిడ.

"నాకెయ్యండి. నాకు నిద్రెక్కడిది" అన్నాను.

నిజమే గదా. అబ్బాయి పుట్టినప్పుడు ఊపిరి తీస్తున్నాడో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చునేదాన్ని. వాడికి నలభై వచ్చాయి. ఆ కూర్చోవడం అట్లాగే ఉండిపోయింది.

మూడు నుంచి నాలుగు సోడాబుడ్డిది. నేను ఆవిడకి అందించాలి.

9, శనివారం

నా గంట బాగానే జరిగింది. అందుకో అన్నాను, అందుకున్నాను అంది.

బాగానే అని రాశాను గానీ సగం గంట ప్రార్థన, సగం గంట దిగులు. దేవుడు విడిపించిన వాళ్లందర్నీ ఒక్కొక్కళ్లనే తలుచుకోమన్నారు అయ్యగారు, ధైర్యం వస్తుందని. తలుచుకున్నాను. యోనాని చేప కడుపులోంచి తీశాడు. కానీ చేప కడుపు మెత్తగా ఉంటుంది, ఇది కాంక్రీటు. దానియేలుని సింహాల గుంటలోంచి తీశాడు. సింహాలకి ప్రాణం ఉంది, చెప్తే వింటాయి, స్లాబుకి ఎవరు చెప్తారు. అగ్నిగుండంలో వేసినవాళ్లు ముగ్గురు, ఒకళ్లకొకళ్లు తోడు. ఇది ఒక్కతే ఉంది లోపల. చీకటంటే దానికి పడదు. లైటు వేసే స్నానాల గదిలోకి వెళ్తుంది పగలైనా.

మరిది వచ్చాడు. "కోడలి ఫోటో మంచిది ఏదైనా ఉందా వదినా?" అన్నాడు.

"దేనికి?"

"ఊరికే."

ఊరికే ఫోటో ఎవరడుగుతారు. లేదన్నాను. గోడకే ఉంది, ఆయన తలకి పైన. ఆయనా చూశాడు, నేనూ చూశాను. టీ తాగి వెళ్లిపోయాడు.

చీకటిపడే వేళకి అబ్బాయి ఇంటికొచ్చాడు. మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"రేపట్నుంచి పెద్ద మిషన్లు పెడతారంటమ్మా. చప్పుడు వినే మిషను పెట్టి చూశారంట, కుక్కల్ని తిప్పారంట. లోపల ఏమీ లేదంట. పక్క మేడ కూడా ఒరుగుతోంది, ఇంక ఆగలేం అన్నాడు అక్కడ పని చూసే ఆఫీసరు."

"పెద్ద మిషన్లంటే?"

"తవ్వి లారీల్లో పోస్తారు."

నాకు అర్థమవలేదు. తర్వాత అయింది.

"లోపల మనిషుంటే ఎట్లారా?"

"మనిషుందని ఎవరూ అనుకోవట్లేదమ్మా." తువ్వాలు దండెం మీద ఆరేశాడు, నాలుగు మూలలూ సరిగ్గా లాగి. కోడలు అట్లా ఆరెయ్యమని పోరుతుంది, ఏనాడూ వినలేదు. "ఆ గొలుసు ఇంక ఆపెయ్యమను వాళ్లని. పాపం పనులు మానుకుని కూర్చుంటున్నారు."

"నువ్వు అట్లా అనకూడదు."

"నేను అన్లేదు. ఆఫీసరు అన్నాడు."

మళ్లీ వెళ్లిపోయాడు. అన్నం తినమంటే వచ్చి తింటానన్నాడు. ఎక్కణ్నుంచి వచ్చి?

10, ఆదివారం, పొద్దున

మిషన్ల చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. నిజంగా వినిపిస్తోందో, నాకే అట్లా ఉందో. సోడాబుడ్డిని అడిగాను. వినిపించట్లేదు వదినా అంది. ఆవిడకి చెవులు బాగానే ఉంటాయి.

చర్చికి వెళ్లొచ్చాను. ఎవరూ నా మొహం చూడలేదు. చేతులు పట్టుకున్నారు, మొహం చూడలేదు.

నా గంట ఉంది. తిననుగాక తినను, తింటే మగతగా ఉంటుంది.

అదే రోజు, మధ్యాహ్నం

నిద్రపోలేదు.

కళ్లు మూసుకున్నాను, ప్రార్థనకి ఎవరైనా కళ్లు మూసుకుంటారు. మోకాళ్ల మీదే ఉన్నాను. తర్వాత మోకాలి నొప్పికి మంచానికి చేరబడ్డాను. "దేవా, మా కోడలు" అన్నంతవరకూ గుర్తుంది. ఆ తర్వాత ఏం అన్నానో గుర్తులేదు గానీ అనే ఉంటాను.

గడియారం నాలుగు దాటింది.

గడియారం సరిగ్గా లేదేమో. ఫోన్‌లోనూ అంతే ఉంది.

అందుకో అనలేదు. నేను ఎవరికీ అందించలేదు. నా చేతిలోనే తెగిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచీ పగలు కన్ను మూసి ఎరగను, ఈ ఒక్క రోజు, మిషన్లు నడిచే ఈ ఒక్క రోజు నిద్రొచ్చిందా నాకు? నిద్ర కాదు. కళ్లు మూసుకున్నాను.

ఫోన్ మోగుతోంది. సోడాబుడ్డి. అందరి ముందూ చేతులెత్తి నాకెయ్యండి అన్నదాన్ని. ఏం చెప్తాను. ఎత్తను.

మళ్లీ మోగుతోంది. దిండు కింద పెట్టాను.

ఇప్పుడు అబ్బాయి పేరు. వాడెందుకు చేస్తాడు ఈ వేళప్పుడు. వాడు చేశాడంటే ఒక్కటే. ఫోన్ ఆపేశాను.

తలుపు కొడుతున్నారు. ఒక్కళ్లు కాదు. నలుగురైదుగురు. ఆడవాళ్లూ మగవాళ్లూ. ఇంతమంది కలిసి వచ్చేది ఒక్కదానికే.

తియ్యను. నేను తియ్యనంతసేపూ అది బతికే ఉంటుంది.

దీపాలు పెట్టాక

ఉంది.

బతికే ఉంది. కోడలు బతికే ఉంది. మళ్లీ ఒకసారి రాస్తాను, బతికే ఉంది.

జరిగింది వరసగా రాసుకోవాలి, లేకపోతే రేపు పొద్దున ఇది కలేమో అనుకుంటాను.

తలుపు తియ్యకపోతే సోడాబుడ్డి ఇల్లు చుట్టి వెనకవైపు వంటింటి కిటికీ దగ్గరికొచ్చింది. కిటికీ ఎత్తు, బకెట్టు బోర్లించి ఎక్కింది. చువ్వల్లోంచి అద్దాలు మాత్రం కనపడుతున్నాయి.

"వదినా! ఏంటే నీ మాయరోగం! తలుపు తియ్యి! నీ కోడలు బతికుంది!"

"అబద్ధం" అన్నాను.

"అబద్ధమేంటే!"

"నాచేత తలుపు తీయించడానికి అంటున్నావు."

"దేవుడి తోడు."

"ఒట్టు పెట్టకూడదని వాక్యంలో ఉంది, నువ్వు ఒట్టు పెడుతున్నావంటే అబద్ధమే."

"ఓరి నాయనో! ఈ మనిషితో నావల్ల కాదు! ఎవరన్నా ఫోన్ కలపండర్రా వాళ్ల అబ్బాయికి!" అని వెనక్కి తిరిగి అరిచింది. ఆ ఊపుకి బకెట్టు పక్కకి జరిగింది, ఆవిడ చువ్వలు పట్టుకుని వేలాడింది. అట్లా వేలాడుతూనే ఫోన్ లోపలికి పెట్టింది.

"అమ్మా" అన్నాడు అబ్బాయి. వాడి గొంతు కాదది. చిన్నప్పటి గొంతు. "ఫోనెందుకు ఎత్తవే నువ్వు?"

"నిజం చెప్పరా. చెప్పెయ్. నేను తట్టుకుంటాను."

"బతికుందమ్మా. కాలు విరిగింది. మాట్లాడింది. ఏమందో తెలుసా? గ్యాసు కట్టేశానని మీ అమ్మకి చెప్పండి అంది."

అప్పుడు నమ్మాను. ఆ మాట ఇంకెవరికీ తెలీదు, దేవదూతకి కూడా తోచదు.

తలుపు తీశాను. అందరూ ఒక్కసారి లోపలికి పడ్డారు. ఎవరు నా మెడ పట్టుకుని ఏడ్చారో, నేను ఎవర్ని పట్టుకున్నానో. పాల దుకాణం ఆవిడ దుకాణం మూసెయ్యకుండానే వచ్చేసిందంట, గుర్తొచ్చి మళ్లీ పరుగెత్తింది.

11, సోమవారం

ఆసుపత్రి. వరండా నిండా మందుల వాసన. నడవడానికి జారుతుంది, ఎవరైనా పడతారేమోనని నర్సుతో చెప్పాను. చూస్తాం అంది.

కోడలు మంచం మీద చిన్నదైపోయింది. కాలికి కట్టు, జుట్టంతా సిమెంటు. పెదాలు పగిలిపోయాయి. నన్ను చూసి నవ్వబోతే పెదవి చిట్లింది.

"నవ్వకే" అన్నాను.

"ఏం తిన్నారు అత్తయ్యా?"

"నేను తినడమేంటే! నువ్వు ఏం తిన్నావు లోపల?"

"అక్కడ హోటల్ లేదు" అంది. అబ్బాయి బయటికెళ్లిపోయాడు, భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో.

కొంచెం కొంచెంగా చెప్పింది. కుట్టు మిషను బల్ల మీద స్లాబు ఆగింది. ఇనుప బల్ల, దాని కింద పడుకున్నంత చోటు. విరిగిన గొట్టంలోంచి నీళ్లు కారుతుంటే కొంగు తడుపుకుని పీల్చింది.

"మొదట్లో అరిచాను. తర్వాత గొంతు పోయింది. తర్వాత నిద్రపోయాను. లేవడం, నిద్రపోవడం, లేవడం, నిద్రపోవడం."

"నిద్రెట్లా పట్టిందే తల్లీ అట్లాంటి చోట!"

"ఏమో అత్తయ్యా. నాకూ ఆశ్చర్యమే. ఎవరో జోకొట్టినట్టు. నిన్న పెద్ద చప్పుడు, కింద అంతా అదిరిపోతోంది, పోతాను ఇంక అనుకున్నాను. అనుకుని మళ్లీ నిద్రపోయాను. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది. ఆగేసరికి మెలకువొచ్చింది. మెడలో దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఉంది గదా, దాంతో గొట్టం మీద కొట్టాను."

మిగతాది అబ్బాయి చెప్పాడు. భోజనాలకని మిషను ఆపారు. తోలేవాడు తిని, లారీ నీడలో నడుం వాల్చాడు. భోజనాల టైము అయిపోయింది, వాడు లేవలేదు. తట్టారు, తిట్టారు, నీళ్లు చల్లుతామన్నారు, అటు తిరిగి పడుకున్నాడంట. మూడు రోజులుగా ఇంకో చోట పనిచేసి సరాసరి ఇక్కడికొచ్చాడు పాపం. ఆఫీసరు కోపంతో కేకలేస్తుంటే, సాయానికొచ్చినవాళ్లలో చేతులు కడుక్కుంటున్న ఒక జవాను "ఆగండి సార్, ఒక్కసారి నోరు మూసుకోండి" అన్నాడంట. ఆఫీసరునే. అందరూ నోళ్లు మూసుకున్నారు. టిక్కు టిక్కుమని వినపడింది.

"వాడు టయానికి లేచుంటే..." అని అబ్బాయి ఆగిపోయాడు. మన్ను ఎత్తే మిషను తొట్టి పడబోయేది సరిగ్గా ఆ చోటేనంట.

"ఎన్నింటికిరా ఇదంతా?"

"రెండు దాటింది. మూడు లోపు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బయట ఏమీ లేదు, ఒక సైకిలు.

12, మంగళవారం

గేటు తాత భార్య ఆసుపత్రికొచ్చింది, పళ్లు తీసుకుని. కోడలి చెయ్యి పట్టుకుంది. "మా ముసలాయనకి రోజూ నీ గ్లాసులో సగం టీ పోసేదానివంట. చెప్పేవాడు" అంది.

కోడలికి ఆయన సంగతి అప్పటిదాకా తెలీదు. నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. అప్పుడు ఏడ్చింది, తన కాలికి ఏడవనిది.

వెళ్లేటప్పుడు వరండాలో ఆవిడ "చెప్పులు దొరికాయమ్మా" అంది నాతో. "కొత్తవి."

14, గురువారం

అయ్యగారు ఆసుపత్రికి వస్తే అడిగేశాను. రాత్రంతా నములుతున్నాను ఆ మాట.

"అయ్యగారూ, పేతుర్ని చెరసాలలోంచి దేవదూత తీసుకొచ్చాడు గదా. దానికి ముందు యాకోబుని కత్తితో చంపించాడు రాజు. అదే రాజు, అదే అధ్యాయం. యాకోబుకీ తల్లి ఉంటుంది గదా, ఆమె కూడా ప్రార్థన చేసే ఉంటుంది గదా?"

ఆయన బైబిలు తెరిచి ఆ పేజీ చూసుకున్నారు. వేలు పెట్టి చదువుకునేదాన్ని, తప్పుగా చదివానేమో అనుకున్నాను.

"చేసే ఉంటుందమ్మా" అన్నారు.

"మరి?"

"నాకు తెలీదు."

అయ్యగారికి తెలీదంటే భయమెయ్యాలి. వెయ్యలేదు. గేటు తాత భార్య ఇంటికి వెళ్లి కూర్చుందామా అంటే పదండి అన్నారు. వెళ్లాం. ఊరికే కూర్చున్నాం. ఆవిడ చెప్పులు తుడిచి గూట్లో పెట్టింది.

15, శుక్రవారం

సోడాబుడ్డి కనపడ్డవాళ్లందరికీ చెప్తోంది, గొలుసు ఒక్క నిమిషం తెగలేదు, అందుకే బతికిందని. "అందులోనూ సరిగ్గా మా వదిన గంటలో! తల్లి కన్నీళ్లంటే మాటలా!" అంటోంది.

కన్నీళ్లు లేవు. చొంగ ఉంది దిండు మీద.

దేవుడు చేసిన మేలు గురించి ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం నేనే చెప్పాలంట.

16, శనివారం

నిద్రపోయానని చెప్పను. ఎవరికి నష్టం?

17, ఆదివారం

చర్చి నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. అబ్బాయి తల దువ్వుకుని మొదటి వరసలో కూర్చున్నాడు, గొలుసు ఆపెయ్యమన్నవాడు.

లేచాను. ప్రభువుకి వందనాలు, సంఘానికి వందనాలు అన్నాను. తర్వాత ఏం చెప్పాలో అమ్మగారు, అంటే పాస్టరు గారి భార్య, కాగితం మీద రాసిచ్చారు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. అందుకని నోటికొచ్చింది చెప్పాను.

"మీరంతా నా గంటలో నేను ఏడ్చి ప్రార్థించానని అంటున్నారు. నేను నిద్రపోయాను."

మొదటి వరసలో అబ్బాయి తలెత్తాడు.

"నిద్రపోయాను. అందుకో అనలేదు ఎవరికీ. గొలుసు నా దగ్గరే తెగింది. మీరు తలుపు కొడితే తిట్టడానికొచ్చారనీ, చావు కబురు తెచ్చారనీ తియ్యలేదు. ఆ గంట నేను పట్టుకోలేదు. ఎవరు పట్టుకున్నారో మీరే ఆలోచించుకోండి. నాకు అంతకంటే చదువు లేదు."

కూర్చుందామనుకున్నాను. వెనక వరసలోంచి పాల దుకాణం ఆవిడ "నేను పాలు పొంగుతుంటే లేచెళ్లాను. మళ్లీ వచ్చింది గంట చివర్లోనే" అంది, ఎవరూ అడక్కుండానే.

"నాది రాత్రి ఒంటిగంట" అన్నాడు బస్సు కండక్టరు. "ప్రార్థన చేశాననే అనుకున్నాను."

"గురకపెట్టాడు" అంది ఆయన భార్య. "అందుకున్నాను అన్నది నేనే, గొంతు మార్చి. ఆ తర్వాత నేనూ పడుకున్నాను."

నవ్వు మొదలైంది. ఒకళ్లు క్రికెట్టు చూశారు. ఒకళ్లు ఎవరి గంటో గుర్తులేక వదిలేశారు. అయ్యగారు గొంతు సవరించుకుని, తెల్లవారుజామున మోకాళ్ల మీదే తూలి మంచం కోడుకి నుదురు కొట్టుకున్నానని చూపించారు. ఇంకా కమిలే ఉంది. మేము అది ఆత్మలో పోరాడిన గుర్తనుకున్నాం.

అందరూ సోడాబుడ్డివైపు తిరిగారు. ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"ఏంటి అట్లా చూస్తారు? మా వదిన ఫోన్ చేస్తే గదా నేను లేచేది!" అంది. "ఆవిడ చెయ్యలేదు, నేను లేవలేదు. వాళ్లబ్బాయి కబురు చెప్తేనే మెలకువొచ్చింది."

అంటే నాలుగింటి ఫోన్లు తిట్టడానికి కాదు. అదీ సంగతి!

అమ్మగారు నవ్వాపుకుని అన్నారు, "పేతురు విడుదలై వచ్చి తలుపు కొడుతుంటే, ఆయన కోసం ప్రార్థన చేస్తున్నవాళ్లే నమ్మలేదు. పేతురొచ్చాడని చెప్పిన పిల్లని నీకు పిచ్చి అన్నారు. ఆయన పాపం అట్లాగే కొడుతూ నిలబడ్డాడు. అప్పుడూ మనలాంటి వాళ్లే ఉన్నారన్నమాట." తర్వాత పాట పాడారు. నవ్వుతూ పాడటం వల్ల రాగం ఎక్కడికో పోయింది.

గేటు తాత భార్య వచ్చింది, గుమ్మం పక్కన కూర్చుంది. నవ్వలేదు. వెళ్లిపోలేదు. పాట అయ్యాక నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

21, గురువారం

ఇంటికి తెచ్చాం. అబ్బాయీ కండక్టరూ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. జాగ్రత్త, గుమ్మం, తల, కాలు, గోడ అని నేను ముందు నడిచాను. "అమ్మా, నువ్వే అడ్డం" అన్నాడు వాడు.

మధ్యాహ్నం పడుకోబెడితే కళ్లు తెరుచుకునే ఉంది. పైకప్పు చూస్తోంది. చెమటలు పట్టాయి. ఫ్యాను వేశాను, కిటికీలు తీశాను.

"నొప్పా?"

"కాదు." కిటికీ వైపు తిరిగి అంది, "ఇల్లు నిశ్శబ్దంగా ఉంది అత్తయ్యా."

"రేడియో పెట్టనా?"

"వద్దు. మీరు మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"రోజూ మాట్లాడేవే. ఏదైనా దిగులు పడండి. వింటూ పడుకుంటాను."

నన్ను ఎవరూ అట్లా అడగలేదు ఎప్పుడూ. ఇన్నేళ్లలో ఆపమన్నవాళ్లే గానీ. సరేనని మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కూర్చుంటే ఒక్కటీ తోచదు! వెతుక్కున్నాను. పాలు విరిగిపోతాయేమో అన్నాను. ఊఁ అంది. సోడాబుడ్డి అద్దాల పవరు పెరిగిందేమో, రోడ్డు ఎట్లా దాటుతుందో అన్నాను. ఊఁ అంది. వాడు మళ్లీ ఆ నూనె చొక్కా వేసుకెళ్లాడు, పొయ్యి దగ్గరికొస్తే అంటుకుంటుందేమో అన్నాను.

ఊఁ అనలేదు.

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. అయినా ఆపలేదు, చెప్తూనే ఉన్నాను, లేస్తుందేమోనని. తీగ మీద బట్టల సంగతి, నీళ్ల ట్యాంకు మూత సంగతి, దేవుడికి మన పేర్లన్నీ గుర్తుంటాయో లేదోనన్న సంగతి.

ఇంక ఇక్కడ రాయడానికేం మిగల్లేదు. అన్నీ దానికి చెప్పేశాను.